ఎంగిలి కూడు మోసుకొచ్చిన రోగం: పందుల జ్వరం చరిత్ర

హనుమంతునిపాడు, మార్కాపురం, గిద్దలూరు వైపు పందులు మేపే మన ఎరుకల ఇళ్లల్లో పందే బ్యాంకు. కాలేజీ ఫీజు కట్టాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా రెండు పందుల్ని అమ్ముతాం. ఆ బ్యాంకును వారంలో ఖాళీ చేసే రోగం ఒకటుంది. దాని చరిత్ర మనకు తెలియాలి.

దాని పేరు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. వైరస్ కుటుంబం పేరు అస్ఫార్‌విరిడే. ఆఫ్రికా అడవిపందుల్లో, వాటి బొరియల్లోని పిడుదుల్లో ఈ వైరస్ ఎప్పటినుంచో ఉంది. ఆ అడవిపందులకు దాంతో పెద్దగా ఏమీ కాదు. కెన్యాలో తెల్లదొరల పెంపుడు పందులకు అంటుకున్నప్పుడు మాత్రం మందలకు మందలే పోయాయి. 1921లో మాంట్‌గోమరీ అనే పశువైద్యుడు ఈ రోగం గురించి మొదటిసారి వివరంగా రాశాడు.

1957లో అది పోర్చుగల్‌లోని లిస్బన్‌లో తేలింది. విమానాల్లో మిగిలిన తిండి అక్కడి పందులకు వేశారంటారు. 2007లో జార్జియాలోని పోతీ రేవుకు వచ్చింది. అక్కడ ఓడల్లో మిగిలిన తిండి వల్లే వచ్చిందని అంచనా. 2018లో చైనా, 2020లో మన దేశంలో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్. మనమూ హోటళ్లలో, పెళ్లిళ్లలో మిగిలిందే కదా పందులకు పోసేది! పంది మాంసంలో ఈ వైరస్ నెలల తరబడి బతుకుతుంది.

మనుషులకు ఇది రాదు. పందులకు మాత్రం మందు లేదు, మన దేశంలో టీకా కూడా లేదు. టీకా ఉన్నది మామూలు స్వైన్ ఫీవర్‌కు. లక్షణాలు చూస్తే రెండూ ఒకటే: గట్టి జ్వరం, మేత మానడం, చెవులు, పొట్ట ఎర్రబడటం. ఏది ఏదో ల్యాబ్‌లోనే తేలుతుంది.

మరి మనోళ్లు డాక్టరుకు ఎందుకు చెప్పరు? దానికీ చరిత్ర ఉంది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్ల వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. 1952కల్లా దేశమంతా ఆ చట్టం పోయింది. ఆఫీసరంటే భయం మాత్రం పోలేదు. అందుకే చచ్చిన పందిని చప్పుడు కాకుండా అమ్మేస్తారు, లేదా వాగులో పడేస్తారు. దాంతో పక్క మందకూ అంటుకుంటుంది. పైగా కేంద్రం నిబంధనల ప్రకారం పరిహారం అధికారులు చంపించిన పందులకే, ముందే చచ్చినవాటికి కాదు. దాచినకొద్దీ నష్టం మనకే.

మిగిలిన కూడును బాగా ఉడకబెట్టి పోయమని ఇంట్లో చెప్పండి. మొదటి పంది చచ్చిన రోజే పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి. తాతలకు ఆ ధైర్యం లేకుండా చేశారు. చదువుకున్న మనకైనా ఉండాలి.