రెండు మితుల లోకంలో కృష్ణబిలం

కృష్ణబిలాలు పూర్తిగా నల్లనివి కావనీ, కాగిన ఇనుములా సన్నని వికిరణాన్ని వెలువరిస్తూ క్రమంగా హరించిపోతాయనీ 1974లో స్టీఫెన్ హాకింగ్ లెక్కగట్టాడు. రెండేళ్ళకు అంతకన్నా ఇబ్బందికరమైన మాట అన్నాడు: బిలంలో పడ్డ వస్తువు తాలూకు సమాచారం దానితోపాటే శాశ్వతంగా నశిస్తుందని. అదే నిజమైతే, నేటి స్థితి నుంచి నిన్నటి స్థితిని రాబట్టవచ్చునన్న క్వాంటమ్ సిద్ధాంతపు పునాదే కూలుతుంది.

తేల్చుకుందామంటే లెక్క లొంగదు. హాకింగ్ బిలాన్ని మారనిదిగా భావించి వికిరణాన్ని గణించాడు. వికిరణం వల్ల బిలం తరగటాన్నీ, ఆ తరుగు మళ్ళీ వికిరణాన్ని మార్చటాన్నీ కలిపి గణించటం మన నాలుగు మితుల్లో దుస్సాధ్యం.

1992లో కాలన్, గిడ్డింగ్స్, హార్వే, స్ట్రోమింజర్ అనే నలుగురు సాహసించి, స్థలానికొకటి, కాలానికొకటి, రెండే మితులున్న లోకాన్ని కల్పించుకున్నారు. అక్కడ ఐన్‌స్టైన్ సమీకరణంలో వక్రత ఉండే పక్షం తనంతట తానే సున్నా అవుతుంది. గురుత్వానికి పనే ఉండదు. అందుకని డైలటాన్ అనే క్షేత్రాన్ని జతచేశారు. (ఇలాంటి పేర్లను తెనిగించబోతే అసలుకే మోసం, అలాగే ఉంచుతున్నాను.)

నాకు అమితంగా నచ్చేది ఆ తరవాతి మెట్టు. రెండు మితుల్లో, ద్రవ్యరాశి లేని పదార్థక్షేత్రాల విషయంలో సాంప్రదాయిక సిద్ధాంతం సున్నా అని చెప్పే ఒక రాశి ఉంది. క్వాంటమ్ సవరణ చేస్తే అది సున్నా కాదు, ఆ చోటి వక్రతకు అనుపాతంలో ఉంటుంది. ఈ చిన్న శేషం నుంచే రెండు మితుల్లో హాకింగ్ వికిరణాన్ని రాబట్టవచ్చని 1977లోనే క్రిస్టెన్‌సెన్, ఫుల్లింగ్ చూపారు. మన నలుగురూ ఆ శేషాన్ని తెచ్చి గురుత్వ సమీకరణాల్లోనే కూర్చోబెట్టారు. ఇక కాగితం మీద బిలం తానే తరగసాగింది.

దాని నడిబొడ్డునుండే విపరీత వక్రత కూడా మాయమవుతుందని వారు ఆశించారు. అది జరగలేదని ఇతరులు త్వరలోనే తేల్చారు. అదే ఏడాది రూసో, సస్కిండ్, థోర్లాసియస్ ఒక పదాన్ని కలిపి ఆ సమీకరణాలను కచ్చితంగా సాధించదగినవిగా మలిచారు. బిలం చిక్కి చిక్కి, చివర కొద్దిపాటి ఋణశక్తిని వెదజల్లి అంతరించింది. సమాచారమో? ఆ లెక్కలో పోయినట్టే.

బొమ్మలో లోపముందని నేననుకోను. దాన్ని అడగవలసిన ప్రశ్న అప్పటికింకా పుట్టలేదు. 2019లో వికిరణపు ఎంట్రోపీకి కొత్త సూత్రం వచ్చింది. బిలం లోపలి కొంత మేరను, దానికి ద్వీపమని పేరు, బయటి వికిరణంలో భాగంగా లెక్కించాలన్నది దాని సారం. 2020లో స్ట్రోమింజర్ ఒక బృందంతో, థోర్లాసియస్ వేరొక బృందంతో కలిసి, 28 ఏళ్ళనాటి తమ బొమ్మబిలానికే దాన్ని అన్వయించారు. ఎంట్రోపీ కొంతకాలం పెరిగి, ఆపైన దిగటం మొదలుపెట్టింది. సమాచారం నశించలేదనటానికి గుర్తు అదే. అయితే అది ఏ దారిన బయటపడుతుందో ఆ వక్రరేఖ చెప్పదు. 2004లోనే తన పాత మాటను వెనక్కి తీసుకున్న హాకింగ్ ఈ లెక్కను చూడలేదు. 2018 మార్చిలో కన్నుమూశాడు.