సీఏ చదవాలంటే కాలేజీ క్లాసులు మానేయాలా? వందేళ్ళు వెనక్కి వెళ్ళి చూశాం

పోస్టు పొడుగ్గా ఉంటుంది. సీఏ రాద్దామని మనసులో ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మొన్న మా హాస్టల్ రూములో పెద్ద వాదన అయింది. మేము ఐదుగురం, బీకాం రెండో సంవత్సరం. అందరిదీ విశాఖ ఏజెన్సీయే. మా ఇళ్ళల్లో డిగ్రీ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇద్దరేమో "క్లాసులకెళ్ళడం దండగరా, కోచింగ్‌లో చేరితేనే సీఏ వస్తుంది" అన్నారు. ఇంకో ఇద్దరు "అయితే ఫీజు ఎవడు కడతాడు?" అన్నారు. రాత్రి భోజనం టైము దాటిపోయింది గానీ వాదన తేల్లేదు. అప్పుడొక ఆలోచన వచ్చింది. అసలు ఈ పరీక్ష ఎక్కణ్ణుంచి వచ్చింది? మొదట్లో పాసైనవాళ్ళు కాలేజీలో నేర్చుకున్నారా, ఆఫీసులోనా? అది వెతుకుతూ పోతే మా వాదనకి మూలం నూట డెబ్బై ఏళ్ళ కిందట దొరికింది.

చార్టర్డ్ అకౌంటెంట్ అన్న పేరు స్కాట్లాండ్‌లో పుట్టింది. 1854లో ఎడింబరో లెక్కల మనుషుల సంఘానికి రాణి చార్టర్, అంటే రాజముద్ర ఉన్న పత్రం ఇచ్చింది. అక్కడ పని నేర్చుకునే కుర్రాడు కొన్నేళ్ళు ఒక అకౌంటెంట్ దగ్గరే ఉండాలి. ఆ ఒప్పంద పత్రాన్ని ఆర్టికల్స్ అంటారు. మనం ఇప్పుడు ఆర్టికల్‌షిప్ అంటున్నది దాన్నే. 1880లో ఇంగ్లాండ్‌లో కూడా ఇలాంటి సంస్థే వచ్చింది. అక్కడ కుర్రాడికి జీతం ఇవ్వడం అటుంచి, వాడి తండ్రే ఆఫీసుకి ప్రీమియం అని పెద్ద మొత్తం కట్టేవాడు. తండ్రి దగ్గర డబ్బు లేకపోతే కొడుక్కి ఆ తలుపు తెరుచుకోదు. ఎడింబరోలో మాత్రం ఆఫీసు కుర్రాళ్ళు యూనివర్సిటీకి పోయి లా క్లాసులు కూడా వినేవాళ్ళు. అంటే లెక్కలు ఆఫీసులో, చట్టం క్లాసులో. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక మన దేశం. కంపెనీల చట్టం 1857లోనే వచ్చింది. కానీ ఆడిటర్‌కి ఫలానా అర్హత ఉండాలని చెప్పింది 1913 చట్టమే. దాని ప్రకారం ప్రభుత్వం సర్టిఫికెట్ ఇస్తేనే కంపెనీ లెక్కలు తనిఖీ చెయ్యాలి. ఆ సర్టిఫికెట్లు రెండు రకాలు. ఒకటి ఉంటే బ్రిటిష్ ఇండియా అంతా పనిచేసుకోవచ్చు. రెండోది ఉంటే ఆ ఒక్క రాష్ట్రంలోనే, అదీ సర్టిఫికెట్లో రాసిన భాషల్లోనే. అంటే ఇంగ్లీషు రాకపోయినా లెక్కలొచ్చినవాడికి ఒక చిన్న తలుపు ఉండేదన్నమాట. 1920లో ఆ రెండో రకం ఇవ్వడం ఆపేశారు. ఈ రోజుకీ సీఏ పరీక్ష ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగులో లేదు. ఆశ్రమ పాఠశాలలో తెలుగులో చదివొచ్చిన మాకు ఈ ముక్క దగ్గర కాసేపు మాట రాలేదు.

అదే 1913లో బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీ పెట్టారు. కామర్స్ కోసమే పెట్టిన కాలేజీ. 1918లో బొంబాయి ప్రభుత్వం గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ మొదలుపెట్టింది. జీడీఏ అనేవాళ్ళు. దానికి పరీక్ష పాసవ్వాలి, మూడేళ్ళు ఆర్టికల్స్ చెయ్యాలి. చూడండి, కాలేజీ వచ్చింది, డిప్లొమా వచ్చింది, అయినా ఆఫీసులో మూడేళ్ళు మాత్రం తప్పలేదు. ఇంకో మాట. 1918 నుంచి 1920 దాకా సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ ఎవరో తెలుసా? డాక్టర్ అంబేద్కర్. కామర్స్ కాలేజీ మనలాంటోళ్ళది కాదనుకునే తమ్ముళ్ళకి ఈ సంగతి చెప్పండి.

ఆ రోజుల్లో మన కొండల్లో ఏం జరుగుతోంది? 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం వచ్చింది. కొండజాతుల వాళ్ళ అప్పు మీద నూటికి ఏడాదికి 24 కంటే ఎక్కువ వడ్డీ వెయ్యకూడదు, చక్రవడ్డీ కూడదు, మొత్తం వడ్డీ అసలుని దాటకూడదు అంది. అలాంటి చట్టం తేవాల్సి వచ్చిందంటే షావుకారు పుస్తకంలో ఏం రాసుకునేవాడో ఊహించుకోండి. బొంబాయిలో కంపెనీవాళ్ళ పుస్తకం తనిఖీ చెయ్యడానికి లైసెన్సు మనుషుల్ని తయారుచేస్తుంటే, మన తాతముత్తాతల పేరున్న పుస్తకం తిరగేసి చూసే మనిషి సంతలో ఒక్కడూ లేడు. వేలిముద్ర మనది, అంకె వాళ్ళది. మా రూములో ఒకడి తాత ఇప్పటికీ పసుపు అమ్మిన చీటీ తెచ్చి "సరిగ్గా వేశాడా చూడరా" అంటాడు. ఈ చదువు మీద మాకు పట్టుదల అక్కడే మొదలైంది.

1932లో ఆడిటర్ల సర్టిఫికెట్ రూల్స్ వచ్చాయి, అధికారం రాష్ట్రాల నుంచి కేంద్రానికి పోయింది, రిజిస్టర్డ్ అకౌంటెంట్ అన్న పేరొచ్చింది. ఆ కాలంలో మాకు బాగా నచ్చిన మనిషి మద్రాసు ఆర్. శివభోగం గారు. క్వీన్ మేరీస్ కాలేజీలో చదివారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్ళారు. తర్వాత సి.ఎస్. శాస్త్రి అనే అకౌంటెంట్ దగ్గర ఆర్టికల్స్ చేసి 1933లో జీడీఏ పాసయ్యారు. దేశంలో మొదటి మహిళా అకౌంటెంట్ ఆవిడే. జైలుకెళ్ళినవాళ్ళు అకౌంటెంట్‌గా రిజిస్టర్ కాకూడదని అడ్డం పెడితే కోర్టుకెళ్ళి గెలిచారు. ఆవిడ దారి చూస్తే కాలేజీ ఉంది, ఆఫీసూ ఉంది, రెండిట్లో ఏదీ వదల్లేదు. శాస్త్రిగారి ఆఫీసులో చోటు దొరక్కపోయుంటే ఒట్టి కాలేజీతో అకౌంటెంట్ అయ్యేవారు కాదు, అదీ నిజమే.

1949 జులై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం అమల్లోకొచ్చి ఇప్పటి సంస్థ, ఐసీఏఐ, మొదలైంది. కాలేజీల్ని నమ్ముకోకుండా సంస్థే పాఠాలు అచ్చేసి పోస్టులో పంపేది, పోస్టల్ కోచింగ్ అనేవాళ్ళు. లెక్కకి కాలేజీ అవసరం లేనట్టే. కానీ తలుపు దగ్గర మాత్రం డిగ్రీ అడుగుతూ, మధ్యలో మానేస్తూ, మళ్ళీ అడుగుతూ వచ్చారు. ఇప్పుడు రెండు దార్లూ ఉన్నాయి. ఇంటర్ తర్వాత ఫౌండేషన్ రాసి వెళ్ళొచ్చు. లేదా కామర్స్ డిగ్రీలో 55 శాతం, వేరే డిగ్రీ అయితే 60 శాతం తెచ్చుకుంటే ఫౌండేషన్ లేకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌కి పోవచ్చు. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ళ నుంచి రెండేళ్ళకి తగ్గింది. అదీ ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ పాసయ్యాకే మొదలవుతుంది.

మా వాదనని తేల్చింది ఈ చివరి ముక్కే. ఇదివరకైతే ఆర్టికల్‌షిప్పు, కాలేజీ ఒకే టైములో పడి కొట్టుకునేవి. బొంబాయిలాంటి చోట తెల్లారి ఏడింటికే కాలేజీ పెట్టుకుని తర్వాత ఆఫీసుకి పోయేవాళ్ళు. మన కాలేజీలు పది నుంచి నాలుగు. ఇప్పుడు ఆ గొడవ చాలావరకు తప్పింది. డిగ్రీ మూడేళ్ళు హాస్టల్లో ఉంటూనే ఫౌండేషన్, ఇంటర్మీడియట్ చదువుకోవచ్చు.

మాకు ఇంకో లెక్క కూడా ఉంది, పట్నంవాళ్ళకి ఉండనిది. కాలేజీలో పేరుంటేనే హాస్టల్లో మంచం. హాజరు 75 శాతం ఉంటేనే స్కాలర్‌షిప్పు. మా సీనియర్ అన్న ఒకాయన కోచింగ్ కోసం క్లాసులు మానేశాడు. హాజరు పడిపోయింది, స్కాలర్‌షిప్ ఆగింది, ఆ డబ్బు రాక కోచింగ్ ఫీజు రెండో కిస్తీ కట్టలేకపోయాడు. తెలివైనోడే. ఇప్పుడు ఊళ్ళో కాఫీ తోట చూసుకుంటున్నాడు. మళ్ళీ రాస్తానంటున్నాడు, రాయాలి కూడా.

అయితే క్లాసుకెళ్తే పరీక్షకి ఉపయోగమా? ఒట్టి మాటలెందుకని పాత ఫౌండేషన్ పేపర్లు ముందేసుకుని, క్లాసు నోట్సుతో ఎన్ని చెయ్యగలమో చూశాం. అకౌంట్స్‌లో జర్నల్, ఫైనల్ అకౌంట్స్, భాగస్వామ్యం క్లాసులో విన్నవే, పద్ధతి తెలుసు. కానీ టైముకి సగం కూడా పూర్తి కాలేదు. ఆ వేగం క్లాసులో రాదు, రాసి రాసి తెచ్చుకోవాలి. ఎకనామిక్స్ ఫర్వాలేదు. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ దగ్గర చేతులెత్తేశాం, అది సొంతంగా చూసుకోవాల్సిందే. పైగా అక్కడ తప్పుకి పావు మార్కు కోత. మేం అనుకోనిది లా. కాంట్రాక్టు చట్టం మా సారు తెలుగులో చెప్పారు. కన్సిడరేషన్ అంటే ప్రతిఫలం, సంతలో మేకకి బదులు ఇచ్చే డబ్బు అని. అది బుర్రలో ఉండిపోయింది కాబట్టి ఇంగ్లీషు ప్రశ్న చదవగానే దేని గురించో తెలిసిపోయింది. చట్టం ఏమంది, ఇక్కడ జరిగిందేమిటి, కాబట్టి తీర్పేమిటి అని వరసగా రాయడం మాత్రం సంస్థ ఇచ్చే జవాబు పత్రాలు చూసి నేర్చుకోవాలి. ఎడింబరో కుర్రాళ్ళు లా కోసం క్లాసుకి ఎందుకెళ్ళారో అప్పుడర్థమైంది.

అందుకని మేము క్లాసులు మానట్లేదు. అన్ని క్లాసులూ ఒకటే అని కూడా అనట్లేదు. అకౌంట్స్, లా, కాస్టింగ్ ముందు బెంచీలో కూర్చుని వింటాం. ఊరికే నోట్సు చెప్పి రాయించే పీరియడ్లో హాజరు వేయించుకుని వెనక బెంచీలో లెక్కలు చేసుకుంటాం (మా సార్లు ఈ గ్రూపులో లేరనే ధైర్యం). సంస్థ వెబ్‌సైట్‌లో మెటీరియల్, మాక్ టెస్టులు, లైవ్ క్లాసులు ఉచితంగానే ఉన్నాయి. ఫౌండేషన్ రాస్తాం. పోతే 55 శాతం దారి ఎలాగూ ఉంది, ఆ దారి కాలేజీ మానేసినవాడికి ఉండదు.

ఇక తెలియనిది ఆఫీసు తలుపు. రెండేళ్ళ ఆర్టికల్‌షిప్‌కి మనల్ని ఎవరు తీసుకుంటారు, పట్నంలో హాస్టల్ లేకుండా ఎక్కడుంటాం అన్నదానికి మా దగ్గర జవాబు లేదు. ఆర్టికల్స్ చేస్తున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే మీకు చోటు ఎలా దొరికిందో, అద్దె ఎలా కడుతున్నారో రాయండి. మా రూములో ఆదివారం పొద్దున్నే మూడు గంటలు గడియారం పెట్టుకుని అకౌంట్స్ పేపరు రాస్తున్నాం. హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, కాలిక్యులేటర్ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోండి.