సెలవు, అనుమతి, మంజూరు: రెండు వాక్యాల దగ్గర ఆగిన పని

ఈసారి కొంచెం పెద్ద పోస్టే. ఓపిక చేసుకుని చదవండి.

మన నిబంధనావళిని తెలుగులోకి తెచ్చే పని మా నలుగురికి అప్పగించారు కదా. 1960 నాటి కర్ణాటక సంఘాల నమోదు చట్టం కింద దాఖలైన ఇంగ్లీషు ప్రతిని ముందు పెట్టుకుని కూర్చున్నాం. మొదట పేజీలు చకచకా కదిలాయి. రెండు వాక్యాల దగ్గర బండి ఆగింది. సభ్యులు హాలు వాడుకోవాలంటే కార్యవర్గం 'పర్మిషన్' కావాలని ఒకటి. కార్యవర్గం పెద్ద ఖర్చు పెట్టాలంటే సర్వసభ్య సమావేశం 'శాంక్షన్' కావాలని ఇంకొకటి. మేము రెండుచోట్లా 'అనుమతి' అని రాసేశాం. మాలో పెద్దాయన, నలభై ఏళ్ల కిందట అనంతపురం నుంచి ఈ ఊరొచ్చిన ఆయన, కళ్లజోడు తీసి, "ఏమప్పా, అడిగేదెవరు, ఇచ్చేదెవరు?" అన్నారు. అక్కడితో ఆ ఆదివారం అయిపోయింది. తర్వాత ఇంకో రెండు ఆదివారాలు కూడా.

ముందు మన ఇంటి మాట 'సెలవు' సంగతి. ఈ రోజుల్లో సెలవంటే బడి లేని రోజు. కానీ "ఏమి సెలవు?" అంటే ఏమి ఆజ్ఞ అని. "గురువుగారు సెలవిచ్చారు" అంటే గురువుగారు చెప్పారని. "ఇక సెలవు తీసుకుంటాం" అంటే వెళ్లడానికి ఒప్పుకోమని. పెద్దల నోటి మాట వస్తేగాని గుమ్మం దాటకూడదన్న రోజుల్లో పుట్టిన అర్థాలివి. ఇంగ్లీషులో 'లీవ్' కథా ఇదే. ఆ నామవాచకానికి పాత అర్థం అనుమతి, తర్వాతే ఆఫీసుకు పోని రోజు. మన పక్కింటి కన్నడిగులు సెలవును 'రజె' అంటారు. అది అరబ్బీ, ఫారసీల మీదుగా వచ్చిన 'రజా', అంటే సమ్మతి. రజామందీ అన్న మాటలో ఉన్నదీ అదే. ఒకదానికొకటి చుట్టరికం లేని మూడు మాటలు ఒకే దారిన నడిచి, చివరికి ఆదివారం దగ్గర కలుసుకున్నాయి.

తమిళంలో 'సెలవు' అంటే ఖర్చు. పాత తెలుగులోనూ ఆ అర్థం ఉంది, సెలవు చేయడమంటే ఖర్చు పెట్టడం. చెల్లడం, చెల్లుబాటు కూడా ఈ కుటుంబంలోవే. మాట చెల్లాలి, నాణెం చెల్లాలి.

నాణెం అనగానే మన ఊరి కథే గుర్తొచ్చింది. 1537లో కెంపేగౌడ ఈ కోట, పేట కట్టించాడు. ఆయన విజయనగరానికి లోబడిన పాలెగాడు. యలహంక ప్రభువు. 'గంగాగౌరీ విలాసం' అనే తెలుగు యక్షగానం ఆయన పేరిట చెబుతారు కాబట్టి మనకు మరీ పరాయివాడేమీ కాదు. ఊరు కట్టుకోవడానికి అచ్యుతరాయలు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, ఏటా ముప్పై వేల వరహాల రాబడి వచ్చే ఊళ్లు కూడా ఇచ్చాడని చెబుతారు. తర్వాత కెంపేగౌడ సొంతంగా నాణేలు ముద్రించాడు. దానికి మాత్రం సెలవు లేదు. అళియ రామరాయల కాలంలో ఆయన్ను పట్టుకెళ్లి ఆనెగొందిలో ఐదేళ్లు చెరలో పెట్టారనీ, విడిచిపెట్టాక సీమ తిరిగి ఇచ్చారనీ చరిత్ర చెప్పేవాళ్లు రాశారు. ఊరంతా కట్టినా తప్పు కాలేదు, గుప్పెడు బంగారం మీద ముద్ర వేస్తే చెర. ఎక్కడిదాకా ఒప్పుకున్నారు, ఎక్కడ ఆగాలి అన్నది ఏ నోటా స్పష్టంగా రాకపోతే ఇలాగే అవుతుంది. పాత శాసనాలు ఈ విషయంలో నయం. తూర్పు చాళుక్యుల తామ్రపత్రాల్లో చివర 'ఆజ్ఞప్తి' ఎవరో చెబుతారు. దానాన్ని అమలు చేయించే బాధ్యత ఆయనది. ఎవర్ని అడగాలో రాగిరేకు మీదే ఉంటుంది. 'ఆనతి' అన్న మన మాట ఆ వంశంలోదే.

తర్వాత నోటి మాట పోయి కాగితం వచ్చింది. 'మంజూరు' అరబ్బీ మాట, అసలు అర్థం 'చూడబడినది'. నజర్, అంటే చూపు, దాని ధాతువే. అధికారి చూశాడు, అయింది. నజరానా కూడా దీని చుట్టమేనని మనవాళ్లు చమత్కరిస్తారు కానీ, అరబ్బీలో దాని ధాతువు వేరు. ఆఫీసుల్లో రెండూ కలిసిపోయాయంటే మేము కాదనం. 'రహదారి' మాట మరీ విచిత్రం. ఒకప్పుడు దారిన పోయేవాళ్ల దగ్గర వసూలు చేసే సుంకానికీ, దారి విడిచిపెట్టే చీటీకీ ఆ పేరుండేది. చీటీ పోయింది, పేరు రోడ్డుకు మిగిలింది. లాటిన్‌లో 'పర్మిట్' అన్నా దాటనివ్వడమే. స్వతంత్రం వచ్చాక సిమెంటు నుంచి పరిశ్రమ దాకా అన్నిటికీ పర్మిట్లే. రాజాజీ దానికి 'లైసెన్సు పర్మిట్ రాజ్' అని పేరు పెట్టి, 1959లో స్వతంత్ర పార్టీ స్థాపించారు. ఆ పార్టీ మొదటి అధ్యక్షుడు మన ఆచార్య ఎన్.జి. రంగా.

ఇక 'శాంక్షన్'. బ్యాంకు లోను శాంక్షన్ అయితే మిఠాయి పంచుతాం. ఒక దేశం మీద శాంక్షన్స్ పెట్టారంటే మన పత్రికలు 'ఆంక్షలు' అని రాస్తాయి. మాట ఒక్కటే. పవిత్రం చేయడం, ఉల్లంఘించరాకుండా కట్టడి చేయడం దాని లాటిన్ మూలంలో ఉన్నాయి. దీన్ని తెలుగులో ఒక్క మాటతో పట్టుకోవడం మా వల్ల కాలేదు.

'అనుమతి' అందమైన మాటే. మతిని అనుసరించేది. అడిగినవాడి మనసు వెంట ఇచ్చేవాడి మనసూ నడవాలి. వేదకాలంలో అనుమతి ఒక దేవత కూడా. కానీ వాడుకలో ఆ మాట ఎప్పుడూ పైవాడి చేతిలోనే ఉంటుంది. పోయిన ఏడాది మన సభ్యురాలొకరు పిల్లలకు తెలుగు నేర్పిస్తామని హాలు అడిగారు. అర్జీ మీద సంతకం కావాలన్నాం. మూడు వారాలు ఆ సంతకం పడలేదు, పిల్లలు మెట్ల మీద కూర్చుని అఆలు దిద్దారు. ఎవరూ కాదనలేదు, అలాగని అవుననీ అనలేదు. అప్పటి కార్యవర్గంలో మాలో ఇద్దరం ఉన్నాం. ఆ తప్పులో మాకూ వాటా ఉంది. హాలు కట్టింది సభ్యుల చందాలతో. వాళ్లు వాళ్ల హాలు కోసం అనుమతి అడగడమేమిటన్న ప్రశ్న ఆ రోజు మాకెవరికీ తట్టలేదు.

అందుకే ముసాయిదాలో ఇలా రాశాం. హాలు దగ్గర 'అనుమతి' తీసేసి, "సభ్యులు మూడు రోజుల ముందు కార్యదర్శికి తెలియజేసి వాడుకోవచ్చు; వీలుకాకపోతే కార్యదర్శి రెండు రోజుల్లో కారణం రాసి ఇవ్వాలి" అని పెట్టాం. కారణం రాసే పని కార్యదర్శికే ఇవ్వడం మీద మాలో ఒకరు ఇంకా ఒప్పుకోలేదు, అది కూడా చెప్పాలి. ఖర్చు దగ్గర "సర్వసభ్య సమావేశం మంజూరు చేసిన మేరకే" అని ఉంది. అక్కడ లెక్క కాగితం అందరి కళ్లబడాలి కాబట్టి, 'చూడబడినది' అన్న పాత అర్థం మాకు నచ్చింది.

ఒక్కచోట మాత్రం ఖాళీ వదిలాం. కార్యవర్గ నిర్ణయాలకు సభ్యులు చెప్పేది ఆమోదమా, సమ్మతా? ఆమోదానికి సంస్కృతంలో సంతోషం, పరిమళం అని అర్థాలు. సమ్మతికి సంతోషంతో పనిలేదు, ఒప్పుకుంటే చాలు. పెద్దాయన సమ్మతి వైపు, మిగతా ముగ్గురం ఆమోదం వైపు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ వాక్యం చదివినప్పుడు ఏ మాట ఉండాలో మీరే తేల్చండి.