గూబను చూసిన కళ్ళు ఎవరివి?

"గుడ్లగూబలా అలా చూస్తావేం?" అన్న మాట వినకుండా పెరిగిన ఆడపిల్లలు మన ఊళ్ళల్లో ఎంతమంది ఉంటారు? కళ్ళు దించకుండా, తిన్నగా చూసే స్త్రీని కట్టడి చెయ్యడానికి భాష దాచుకున్న ఆయుధం అది. గూబ ఇంటిమీద వాలితే ఇల్లు విడిచిపెట్టాలన్నారు. పైడికంటె అరిస్తే ఎవరికో మూడిందన్నారు. విధవ ఎదురొస్తే అపశకునమన్న నోళ్ళే ఈ మాటలూ అన్నాయి. చీకట్లో చూడగలగడం, చీకట్లో తిరగగలగడం పక్షికైనా స్త్రీకైనా నేరమే అయ్యాయి. చేతబడి నెపంతో ఒంటరి స్త్రీలు దెబ్బలు తిన్నారు. క్షుద్రపూజల పేరుతో గూబలు చచ్చాయి. 1972 వన్యప్రాణి చట్టం వాటిని చంపకూడదన్నా ఆ రహస్య వ్యాపారం ఆగలేదు. అందుకే గూబల్నీ గద్దల్నీ చూసినవాళ్ళ చరిత్రని స్త్రీల వైపు నుంచి చదవాలి.

ఆ చదువు మొదలుపెట్టడానికి జైనూర్ సరైన చోటు. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోది, 2016 నుంచి ఆసిఫాబాద్ జిల్లాలోది. చుట్టూ టేకు అడవి, వాగులు, గోండుల, కొలాముల గూడేలు. వాగు ఒడ్డున చేపలు పట్టుకు తినే పెద్ద గూబ, చెట్టు తొర్రలో పైడికంటె, కోడిపిల్లల మీద కన్నేసిన గద్ద ఇక్కడివాళ్ళకి ఇరుగుపొరుగు.

ఈ ప్రాంతం నిజాం పాలనలో ఉండగా, 1931-32లో సలీం అలీ హైదరాబాద్ రాజ్యపు పక్షుల సర్వే చేశాడు. ఫలితాలు 1933, 1934 సంవత్సరాల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో అచ్చయ్యాయి. ఆ వ్యాసాల మీది రెండు పేర్లూ మగవాళ్ళవే. కానీ సలీం అలీ యాత్రల్లో అతని భార్య తెహ్మీనా వెంట ఉంది. ఇంగ్లండులో పెరిగిన మనిషి డేరాల బతుక్కి అలవాటు పడింది. 1939లో ఒక శస్త్రచికిత్స తర్వాత చనిపోయింది. 1985లో వచ్చిన ఆత్మకథలో సలీం అలీ ఆమెను ఆప్యాయంగా తలుచుకున్నాడు. ఆప్యాయత సరే. అడవిలో ఒక డేరాని నడిపించడం పరిశోధనలో భాగమా, కాదా? భాగమే అయితే అది జ్ఞాపకాల్లోనే ఎందుకు మిగిలిపోయింది?

జైనూర్ మండలంలోనే ఉన్న మార్లవాయి ఇదే ప్రశ్నని మరోలా అడుగుతుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం హతుడయ్యాక, గోండుల మధ్య పనిచేసిన హైమండార్ఫ్ ఈ ఊళ్ళో మకాం పెట్టాడు. పక్కన అతని భార్య బెట్టీ ఉంది. తర్వాతి కాలంలో ఆమె తన పేరుతోనే దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథసూచిని సంపుటాలుగా కూర్చింది. 1987లో హైదరాబాద్‌లో మరణిస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. తెహ్మీనాకి దక్కని ముఖపత్రం బెట్టీకి దక్కింది. అయినా ఆమె కూర్చినది ఇతరుల రచనల పట్టిక అన్న సంగతీ గమనించాలి.

పేరు ముఖపత్రం మీదికి ఎక్కితే ఏమవుతుందో అడవి పైడికంటె కథ చెబుతుంది. 1872లో మధ్య భారతంలో దొరికిన ఈ చిన్న గూబకి మరుసటి ఏడు హ్యూమ్ పేరు పెట్టాడు. 1884 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. 1914లో గుజరాత్‌లో ఒకదాన్ని సేకరించానని రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అనే సైనికాధికారి చెప్పుకున్నాడు. పెద్దమనిషి మాట, ఎవరు కాదంటారు? పామెలా రాస్ముసెన్ అనే పరిశోధకురాలు కాదంది. ఆ నమూనా మ్యూజియం నుంచి దొంగిలించిన పాతదేనని, పైకుట్లు మార్చి చీటీ మార్చాడని సహపరిశోధకులతో కలిసి తేల్చింది. ఆ దొంగ చిరునామాని పక్కన పెట్టి, పాత నమూనాలు నిజంగా దొరికిన చోట్లకి వెళ్ళారు. 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర, 113 ఏళ్ళ తర్వాత, ఆ గూబ పట్టపగలే కొమ్మమీద కూర్చుని కనిపించింది. అధికారి మాటని అనుమానించడం కూడా శాస్త్రమే.

మన దేశంలోనే, పెద్ద చదువుల అవకాశం లేని జమాల్ ఆరా రాంచీలో ఉంటూ ఛోటానాగపూర్ పక్షుల గురించి సొసైటీ పత్రికలో వ్యాసాలు రాసింది. 1970లో నేషనల్ బుక్ ట్రస్ట్ ఆమె రాసిన పిల్లల పుస్తకాన్ని వేసింది. సలీం అలీ పేరు తెలిసిన మనలో ఎంతమందికి ఈమె పేరు తెలుసు?

ఇక రాయని వాళ్ళ సంగతి. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. జింకలు తినకముందే ఏరుకోవాలంటే చీకటుండగానే అడవికి పోవాలి. అది గూబ ఇంకా గూటికి చేరని వేళ. ఆ వేళ బుట్టలతో అడవిలో ఉండేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. ఇంటిదగ్గర కోడిపిల్లల్ని కాచేదీ వాళ్ళే. నేలమీద కదిలే గద్ద నీడ చూసి తల ఎత్తకుండానే కేక పెట్టగలరు. దుర్భిణీ లేని ఈ చూపుని పక్షుల జాబితాల్లో వెతికితే దొరకడం కష్టం. ఇది పరిశీలన అనిపించుకోలేదు, పని అనిపించుకుంది.

చూసేవాళ్ళని లెక్కచెయ్యకపోతే పోయేదేమిటో రాబందులు చూపించాయి. పశువులకి వేసే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటిని చంపుతోందని 2004లో తేలింది. పశువైద్యంలో ఆ మందుని 2006లో నిషేధించారు. అప్పటికే దేశంలో పొడుగుముక్కు రాబందులు నూటికి తొంభైకి పైగా పోయాయి. 2013లో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టమీద వాటి గూళ్ళు కనిపించడం అందుకే వార్త అయింది. పశువు చచ్చిన చోట రాబందు దిగడం మానేసిందని ముందుగా గమనించగలిగేది పశువుల్ని మేపేవాళ్ళే. వాళ్ళని అడిగే అలవాటు మన శాస్త్రానికి ఆలస్యంగా కూడా సరిగ్గా అబ్బలేదు.

2024 సెప్టెంబరులో జైనూర్ పేరు పత్రికల్లో మారుమోగింది పక్షుల వల్ల కాదు. ఒక ఆదివాసీ స్త్రీపై జరిగిన దాడి తర్వాత అక్కడ దుకాణాలు తగలబడ్డాయి, కర్ఫ్యూ పెట్టారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా స్త్రీలకి అందే సలహా ఒకటే: పొద్దుపోయాక బయటికి పోవద్దు. గూబని చూడాలంటే పొద్దుపోయాకే పోవాలి. ఇప్పపువ్వు ఏరాలంటే పొద్దు పొడవకముందే పోవాలి. దారులు భద్రంగా లేనిచోట పక్షుల్ని చూడటం కొందరి వినోదంగానే మిగిలిపోతుంది. చీకటివేళ అడవిలో ఉండటం జైనూర్ స్త్రీకి బతుకు. ఆ బతుకులో పోగైన తెలివిని ఆమె పేరుతో రాసిపెట్టడం, ఆమె దారిని భద్రంగా ఉంచడం వేరువేరు పనులు కావు.