వందలో నలుగురు: మన గుండె జీన్‌లో లేని 25 అక్షరాల కథ

"ఇండియన్స్‌లో వందకి నలుగురికి గుండె జబ్బు జీన్ ఉంది" అనే మాట మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఆ 4 శాతం ఎక్కడి నుంచి వచ్చింది, తర్వాత దానికేమైంది అన్నదే ఈ ఎపిసోడ్.

ముందు ఒక క్లారిటీ. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఠక్కున ఆగిపోవడం కాదు. గుండె కండరం దెబ్బతిని, ఒంటికి కావాల్సినంత రక్తాన్ని పంప్ చేయలేకపోవడం. మెట్లెక్కితే ఆయాసం, కాళ్ల వాపు... ఇలా మెల్లగా బయటపడుతుంది.

ఆ కండరంలో మయోసిన్ బైండింగ్ ప్రొటీన్ సి అని ఒకటి ఉంటుంది. గుండె ఎంత గట్టిగా ముడుచుకోవాలో కంట్రోల్ చేసే బ్రేక్ లాంటిది. దాన్ని తయారుచేసే జీన్ పేరు ఎంవైబీపీసీ3. ఆ జీన్‌లో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయాయని 2003లో కొన్ని ఇండియన్ కుటుంబాల్లో చూశారు. అప్పటికి అదేదో అరుదైన విషయం అనుకునేలా ఉంది.

మదురై కామరాజ్ యూనివర్సిటీలో పెరుందురై ధండపాణి అనే రిసెర్చర్ దాని వెంటపడ్డారు. మన హైదరాబాద్ సీసీఎంబీలో కుమారసామి తంగరాజ్ కూడా ఇందులో ఉన్నారు. దేశమంతా 107 సమూహాల నుంచి 6 వేలకు పైగా మనుషుల శాంపిల్స్ చూస్తే, సుమారు 4 శాతం మందిలో అదే లోపం! జబ్బున్నవాళ్లనీ లేనివాళ్లనీ పోల్చితే ఆడ్స్ రేషియో దాదాపు 7. 2009లో నేచర్ జెనెటిక్స్‌లో పేపర్ వచ్చింది, ప్రపంచమంతా హెడ్‌లైన్స్ అయ్యాయి.

నాకు కోడింగ్ అలవాటు కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. ఆ 25 అక్షరాలు ప్రొటీన్‌ని రాసే భాగంలో లేవు. ఇంట్రాన్‌లో ఉన్నాయి, అంటే చివరికి కత్తిరించి పడేసే భాగం. కోడ్‌లో కామెంట్ లాంటిదే కదా, పోతే పోయింది అనుకుంటాం. కానీ ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తు కూడా అక్కడే ఉంది. అది లేకపోవడంతో పక్కనున్న అసలు ముక్క కూడా కట్ అయిపోయి, ప్రొటీన్ చివరి భాగం మారిపోతోంది.

ఇంత చెడ్డదైతే ఇన్ని తరాలు ఎలా బతికింది? ఈ లోపం వయసు సుమారు 33 వేల ఏళ్లని వాళ్ల అంచనా. జబ్బు ఎక్కువగా నడివయసు దాటాకే వస్తుంది. అప్పటికే పిల్లలు పుట్టేసి ఉంటారు, లోపం వాళ్లకి చేరిపోయి ఉంటుంది.

హెడ్‌లైన్స్ ఇక్కడితో ఆగిపోయాయి. సైన్స్ ఆగలేదు. 2018లో శక్తివేల్ సదయప్పన్ టీమ్ అమెరికాలో ఉన్న సౌత్ ఏషియన్స్‌ని పరీక్షించింది. లోపం ఉన్న పదిమందిలో ఒకరికి అదే జీన్‌లో ఇంకో మార్పు కూడా ఉంది. గుండె అవసరానికి మించి గట్టిగా ముడుచుకోవడం కనిపించింది ఆ రెండూ ఉన్నవాళ్లలోనే. 2020లో మరో టీమ్, గుండె గోడలు మందమయ్యే జబ్బుని చూసింది. అక్కడ అసలు నేరస్థుడు ఇంకోచోట ఉన్న ఒక్క అక్షరం మార్పు అని తేల్చింది. కొంతమందిలో అది ఈ 25 అక్షరాల లోపంతో కలిసి తరతరాలుగా ప్రయాణిస్తోంది. ఆ కొంతమందిని పక్కన పెడితే, ఆ జబ్బు రిస్క్ పెద్దగా మిగల్లేదు.

అంటే 2009 పేపర్ తప్పా? నా దృష్టిలో కాదు. సరైన వీధి చూపించింది, ఇంటి నంబర్ తర్వాతవాళ్లు వెతికారు. ముసలితనంలో హార్ట్ ఫెయిల్యూర్‌కి ఈ లోపం ఒక్కటే ఎంత కారణం అన్న చర్చ ఇంకా నడుస్తోంది. అసలు సౌత్ ఏషియన్స్ డీఎన్ఏని ఇంత పట్టించుకుని చూడటమే ఆ పేపర్ తర్వాత ఊపందుకుంది అంటాను.

కాబట్టి జీన్ టెస్ట్ రిపోర్ట్‌లో ఈ పేరు కనిపిస్తే రాత్రంతా గూగుల్ చేయకండి. ఇంట్లో చిన్న వయసులో గుండె కండరం జబ్బు గానీ, హఠాత్తుగా చనిపోవడం గానీ జరిగి ఉంటే మాత్రం, ఆ విషయం కార్డియాలజిస్ట్‌కి చెప్పి ఎకో తీయించుకోండి. మీ డౌట్స్ కామెంట్స్‌లో పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.