సబబు లేని కారణం, కారణం లేని సబబు

అరబ్బీలో 'సబబ్' అంటే మొదట్లో తాడుట. దేన్నైనా అందుకోడానికి పట్టుకునే తాడు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చేది కాబట్టి పోనుపోను 'కారణం' అనే అర్థం వచ్చి చేరింది. ఉర్దూలో ఇప్పటికీ అదే అర్థం. పారశీ రాజభాషగా ఉన్న రోజుల్లో కచేరీ, వసూలు, బాకీ, జామీను లాంటి మాటలతో పాటు ఇదీ మన ఇంట్లోకి వచ్చేసింది. వచ్చాక మాత్రం వేషం మార్చింది. ఇప్పటి తెలుగులో సబబు అంటే కారణం కాదు, న్యాయమైనది, తగినది అని. "నువ్వలా అనడం ఏమీ సబబుగా లేదు" అంటాం కదా, అదన్నమాట. అక్కడితో ఆగామా? "సబబైన కారణం" అని కూడా అంటాం. ఉర్దూ తెలిసినవాడు వింటే "కారణమైన కారణమా? అదేం కారణం?" అని నవ్వుకుంటాడు.

మనం ఇలా చెయ్యడం ఇది మొదటిసారి కాదు. 'న్యాయం' సంగతి చూడండి. గౌతముడి న్యాయశాస్త్రం కోర్టుల గురించి కాదు, తర్కం గురించి. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పుందని చెప్పడానికి హేతువేమిటి, ఆ హేతువు నిలుస్తుందా లేదా అన్నది దాని గొడవ. పదిహేడో శతాబ్దంలో దీన్నంతా పిల్లలకి అర్థమయ్యేలా 'తర్కసంగ్రహం'గా కుదించిన అన్నంభట్టు మనవాడేనంటారు. పైకి హేతువులా కనబడుతూ లోపల డొల్లగా ఉండేవాటికి అందులో 'హేత్వాభాసలు' అని పేరు పెట్టి, అయిదు రకాలు చెప్పాడు. (మా ప్రాజెక్టు స్టేటస్ మీటింగుల్లో నాకు అయిదూ వినబడతాయి, అది వేరే సంగతి.) మరి మామూలు తెలుగువాడికి న్యాయం అంటే? తర్కం కాదు, ధర్మం. అన్యాయం అంటే తర్కం తప్పడం కాదు, ఒకడి నోటి దగ్గర కూడు తీసెయ్యడం.

అంటే కారణానికి సంబంధించిన రెండు మాటలు, ఒకటి సంస్కృతంది, ఒకటి అరబ్బీది, రెండూ తెలుగులో ధర్మం వైపుకే వచ్చి స్థిరపడ్డాయి. అందుకే కాబోలు, మనకి కారణం లేనిదంటే సగం తప్పు చేసినట్టే లెక్క. 'అకారణంగా', 'నిష్కారణంగా' అని మొదలెట్టామంటే ఆ వాక్యం చివర ఎవరో ఎవర్నో తిట్టో కొట్టో ఉంటారు. 'ఉత్తపుణ్యానికి' అయితే చెప్పనే అక్కర్లేదు. ఒక్క 'ఊరికే' మాత్రం రెండు వైపులా ఉంటుంది. ఊరికే తిట్టినవాడూ ఉంటాడు, "ఏం లేదురా, ఊరికే ఫోన్ చేశా" అనే స్నేహితుడూ ఉంటాడు. వైష్ణవుల 'నిర్హేతుక కృప' కూడా ఈ రెండో వైపుదే. భక్తుడి అర్హత చూడకుండా దేవుడు ఊరికే దయ చూపిస్తాడని తెంగలైవారి మాట. ఏదో ఒక వంకైనా ఉండాలని వడగలైవారి పట్టు.

ఇహ నేనుండే అమెరికా సంగతి. 1884లో టెన్నెసీ సుప్రీంకోర్టు ముందుకి ఒక తగువు వచ్చింది. చట్టనూగాలో పేన్ అనే వర్తకుడున్నాడు. అతని కొట్లో సరుకులు కొన్నవాళ్ళని ఉద్యోగంలోంచి తీసేస్తామని వెస్టర్న్ అండ్ అట్లాంటిక్ రైల్వే ఏజెంటు నోటీసు అంటించాడు. బేరాలు పడిపోయిన పేన్ దావా వేశాడు, ఓడిపోయాడు. యజమాని తన పనివాణ్ణి మంచి కారణానికి తీసెయ్యొచ్చు, కారణం లేకుండా తీసెయ్యొచ్చు, చివరికి నీతి తప్పిన కారణానికి తీసేసినా చట్టం ముందు తప్పు కాదు, అని తేల్చారు.

ఇందులో మూడోదానికి తర్వాత కాలంలో పగ్గాలు పడ్డాయి. 1964 పౌరహక్కుల చట్టంతో జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం చూసి తీసెయ్యడం నేరం కాకపోయినా చట్టవిరుద్ధం అయింది. కానీ రెండోది, కారణమే లేకపోవడం, చాలావరకు అలాగే మిగిలిపోయింది. తమాషా ఏమిటంటే, చెడ్డ కారణం ప్రమాదం అయ్యేసరికి, ఏ కారణమూ చెప్పకపోవడం అన్నిటికన్నా క్షేమం అయి కూర్చుంది. కారణం రాస్తే కదా కోర్టులో అది అబద్ధమని నిరూపించేది! మొత్తం 50 రాష్ట్రాల్లో ఒక్క మోంటానా మాత్రం 1987లో చట్టం చేసి, ప్రొబేషన్ దాటినవాణ్ణి తియ్యాలంటే సరైన కారణం ఉండి తీరాలంది.

నా మిత్రుడొకడికి ఇలాంటి ఉత్తరమే వచ్చింది. రెండు పేరాలు. ఎందుకన్నది ఒక్క ముక్క లేదు. హెచ్-1బీ వాడు, ఇంకో ఉద్యోగం చూసుకోడానికి 60 రోజులు గడువు, బళ్ళో చదివే పిల్ల. వాడు మాట్లాడే స్థితిలో లేడని గుంటూరు నుంచి వాళ్ళ నాన్నగారు నాకు ఫోన్ చేశారు. "మావాడేం తప్పు చేశాడు బాబూ?" అన్నారు. ఏ తప్పూ లేదు బాబాయ్ గారూ, కారణం లేకుండానే తీసేశారు, ఇక్కడ అది మామూలే అన్నాను. కాసేపాగి, "కారణం లేకుండా ఎలా తీస్తారయ్యా, ఏదో ఉండే ఉంటుంది, నువ్వు దాస్తున్నావు" అన్నారు. నేను కాంట్రాక్టులోని ఇంగ్లీషు ముక్కని తెలుగులో చెప్పాను. అక్కడ అది చప్పటి, రంగూ రుచీ లేని మాట. తెలుగులోకి వచ్చేసరికి అయితే వీడి మీద నింద, లేకపోతే వాళ్ళ మీద నింద. మధ్యలో నిలబడే మాట నాకు దొరకలేదు. ఆయన వారం రోజులు కొడుకుని అనుమానించారు.

ఆయన అడిగిన ప్రశ్న మనదేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, కాకపోతే అక్కడ అవతలివాడు యజమాని కాదు, ప్రభుత్వం. 1977 జూలైలో మేనకా గాంధీ పాస్‌పోర్టు స్వాధీనం చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. కారణం చెప్పండి అని ఆమె రాసింది. ప్రజాప్రయోజనాల దృష్ట్యా కారణం చెప్పం అని జవాబు. 1978 జనవరి 25న ఏడుగురు జడ్జీల బెంచి తీర్పిచ్చింది. ఒకరి స్వేచ్ఛ తీసేసే పద్ధతి కాగితం మీద చట్టంగా ఉంటే సరిపోదు, అది న్యాయంగా, సబబుగా ఉండాలి, ఎదుటివాడి మాట వినాలి అంది. ఆ ఉత్తర్వుని మాత్రం కొట్టెయ్యలేదు. ఆమె వాదన వింటామని ప్రభుత్వం ఒప్పుకోవడంతో కేసు అక్కడికి ముగించింది.