చలికాలంలో ఇంట్లో కుక్కకు స్నానం చేయిస్తున్నారా? నీళ్లు పోయడం కాదు.. ఆరబెట్టడమే అసలు పని!

ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు కుళాయికి పైపు తగిలించి కుక్కను కడిగేయడం మనలో చాలామందికి అలవాటే. ఎండాకాలంలో దాంతో ఇబ్బంది లేదు. కానీ ధనుర్మాసం చలిలో అదే పని కుక్క ప్రాణం మీదకు తేవచ్చు. ముఖ్యంగా చిన్న పిల్లలకు, ముసలి కుక్కలకు.

తిరుపతిలో నవంబర్, డిసెంబర్ అంటే ముసురు. వరుస వాయుగుండాలతో గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది, తడి బొచ్చు ఓ పట్టాన ఆరదు. పలమనేరు, మదనపల్లె వైపు పొగమంచుతో పొద్దున పూట చలి ఇంకా గట్టిగా ఉంటుంది. రెండు చోట్లా సమస్య ఒక్కటే.. తడి.

ఎందుకంత ప్రమాదం?

కుక్క శరీర ఉష్ణోగ్రత మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. బొచ్చు వెంట్రుకల మధ్య నిలిచే గాలే దానికి దుప్పటి. బొచ్చు తడిస్తే ఆ దుప్పటి పోయినట్టే. నీరు ఆరేకొద్దీ ఒంట్లో వేడిని లాగేస్తుంది. 99 డిగ్రీల కంటే తగ్గితే ప్రమాదమే.

ఎన్నిసార్లు? ఎప్పుడు?

* ఆరోగ్యంగా ఉన్న కుక్కకు చలికాలంలో నెలకోసారి చాలు. మిగతా రోజుల్లో బ్రష్‌తో దువ్వి, తడి గుడ్డతో కాళ్లు తుడవండి.
* మధ్యాహ్నం 11 నుంచి 2 గంటల మధ్య, ఎండ ఉన్న రోజే చేయించండి. ముసురు పట్టిన రోజు వాయిదా వేయండి.
* జ్వరం, దగ్గు, విరేచనాలు ఉంటే స్నానం వద్దు. టీకా వేయించాక ఎన్ని రోజులు ఆగాలో డాక్టర్‌ను అడగండి.

ఇలా చేయించండి

* ముందు బొచ్చు దువ్వండి. చిక్కులు ఉంటే లోపల తడి నిలిచిపోతుంది.
* నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. మోచేయి ముంచితే వేడి అనిపించకూడదు.
* హీటర్ రాడ్‌తో నీళ్లు కాస్తే స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, రాడ్ బయటపెట్టాకే కుక్కను తీసుకురండి.
* బాత్‌రూమ్ తలుపు మూసి, మెడ నుంచి కిందికి నీళ్లు పోయండి. తల, ముఖం గుడ్డతో తుడిస్తే చాలు. చెవుల్లోకి నీళ్లు పోనివ్వొద్దు.
* మన షాంపూ, బట్టల సబ్బు వాడొద్దు. కుక్క చర్మం మన చర్మంలాంటిది కాదు, పొడిబారి దురద పెడుతుంది. కుక్కల షాంపూనే వాడి, నురగ మొత్తం పోయేదాకా కడగండి.
* గోమార్లు (పిడుదులు) పోవాలని కిరోసిన్, ఫినాయిల్ అస్సలు పూయొద్దు. నాకితే విషం. మెడ మీద వేసే చుక్కల మందు వాడుతుంటే, స్నానానికి ఎంత గడువు ఉండాలో ప్యాకెట్ మీద చూడండి.

ఆరబెట్టడం మర్చిపోవద్దు

రెండు, మూడు పొడి తువ్వాళ్లు ముందే దగ్గర పెట్టుకోండి. రుద్దకుండా అద్దుతూ తుడవండి. కడుపు కింద, చంకల్లో, కాలివేళ్ల మధ్య, చెవుల వెనక తడి ఉండిపోతుంది. హెయిర్ డ్రయ్యర్ వాడితే తక్కువ వేడిలో, దూరం నుంచే. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లకు పైన ఆరినట్టు కనిపించినా లోపలి బొచ్చు తడిగానే ఉంటుంది. వేళ్లు పెట్టి చూడండి. పూర్తిగా ఆరేదాకా బయటికి వదలొద్దు, చల్లని బండల మీద పడుకోనివ్వొద్దు. గోనెసంచి పరిచినా చాలు.

వీధి పిల్లను ఇంటికి తెచ్చారా?

చలికి వణుకుతున్న పిల్లను జాలిపడి ఇంటికి తెస్తాం. మురికిగా ఉందని వెంటనే నీళ్లు పోస్తాం. అదే దాని ప్రాణం తీయొచ్చు. పుట్టిన మొదటి వారంలో పిల్లలకు వణికి వేడి పుట్టించుకునే శక్తి కూడా ఉండదు. 8 వారాలు దాటేవరకు స్నానం వద్దు. గోరువెచ్చని నీటిలో పిండిన గుడ్డతో కొద్దికొద్దిగా తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. మురికి రెండు రోజులు ఆగినా ఏం కాదు. ముందు వెచ్చదనం, తర్వాత తిండి, ఆ తర్వాతే శుభ్రత.

ఈ లక్షణాలు కనిపిస్తే..

ఆగకుండా వణకడం, చెవులు, పాదాలు చల్లబడటం, చిగుళ్లు పాలిపోవడం, మగతగా పడి ఉండటం ప్రమాద సూచనలు. వణుకు ఆగిపోయి కుక్క నీరసించిందంటే తగ్గిందనుకోవద్దు, పరిస్థితి ముదిరినట్టే. పొడి దుప్పటి చుట్టి, వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. మిగతా ఊళ్లలో దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాల ఎక్కడుందో ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి.